నుదురు, జ్వరం, టీ గ్లాసు

“అది ఫ్యూజు కాదు బాబూ, బోల్టు! ఫ్యూజు ఉండాల్సిన చోట బోల్టు బిగించుకుని ఊరేగుతున్నావు.”

“ఫ్యూజు పెడితే పాట మధ్యలో ఠప్పుమని పోతోంది మేస్త్రీ. బోల్టు పెట్టాక ఒక్కసారైనా ఆగిందా? కావాలంటే బండినే అడుగు.”

“అడిగాను. కాలిన వాసన కొడుతూ చెప్పింది.”

“పక్క వీధిలో వాడు అరగంటలో పెద్ద ఫ్యూజు వేసిస్తానన్నాడు.”

“వేసిస్తాడు. ఆర్పడానికి నీళ్ళు కూడా వాడే పోస్తాడేమో కనుక్కుని మరీ వెళ్ళు.”

ఈ గొడవంతా ఎత్తిపెట్టిన బానెట్ దగ్గర జరుగుతోంది. మేస్త్రీ బామ్మర్ది మాత్రం వ్యాను లోపల డ్యాష్‌బోర్డు కింద తలకిందులుగా దూరి, కాళ్ళు సీటు మీద వేలాడేసి, నోట్లో టార్చి కరుచుకుని ఉన్నాడు. ఇంజినుకీ మనుషులు కూర్చునే చోటుకీ మధ్యనున్న రేకులో తీగ కోసం ఒక రంధ్రం ఉంది. అందులోంచి మాటలు అతని చెవిలోకి పోసినట్టు వచ్చిపడుతున్నాయి. నవ్వొస్తోంది గానీ నవ్వితే టార్చి మొహం మీద పడుతుంది.

బండి ఓనర్ని అందరూ సైరన్ అంటారు. కుర్రకారును షికార్లకు తిప్పడం అతని పని. బండి మలుపు తిరగకముందే పాట తిరుగుతుంది. వెనక రెండు పెద్ద ఆంప్లిఫయర్లు, వాటి కింద మనిషి పడుకునేంత పెట్టెలో స్పీకర్లు. దరువు పడ్డప్పుడల్లా హెడ్‌లైట్లు కళ్ళార్పుతాయి. సైరన్‌కి అదో ముచ్చట. లైట్లు కూడా తాళం వేస్తున్నాయనుకుంటాడు.

“తాళం కాదురా నాయనా, ఆకలి,” అంటున్నాడు బావ. “నీ ఇంజిన్ పుట్టించే కరెంటెంత, నీ పెట్టె తాగేదెంత! మిగతాది బ్యాటరీని పీల్చుకుని తాగుతోంది. సరే, అది వేరే కథ. ఫ్యూజు సంగతి విను. అది నీ ఆంప్లిఫయర్ని కాపాడ్డానికని ఎవడు చెప్పాడు నీకు? అది తీగ కోసం. తీగ మోయలేనంత కరెంటు పారితే, తీగ అంటుకునేలోపు అది చస్తుంది. చావాల్సినదాన్ని నువ్వు చావనివ్వలేదు. ఇప్పుడు తీగ చస్తుంది. తర్వాత బండి. తర్వాత వెనక కూర్చున్నోళ్ళు.”

సైరన్ నోరు మూసుకోవడం వాళ్ళెవరూ అంతకు ముందు వినలేదు.

“అయితే ఏం చెయ్యమంటావ్?” అన్నాడు చివరికి.

“మొత్తం పీకమంటాను. ఒరేయ్ బామ్మర్దీ, విన్నావా? పీకు.”

*

బావకి మేస్త్రీ అన్న పేరు ఊరికే రాలేదు. చిన్నప్పుడు బ్యాటరీల కొట్లో నీళ్ళు పోసే పనిలో చేరాడు. ఆసిడ్ పడి చొక్కాలన్నిటికీ చిల్లులే. క్యాసెట్లు తిరిగే రోజుల్లో కార్లలో పాటపెట్టెలు బిగించడం మొదలుపెట్టాడు. క్యాసెట్లు పోయాయి, వాటి తర్వాత వచ్చినవీ పోయాయి, బావ మాత్రం ఒకే షట్టరున్న ఆ కొట్లో ఉండిపోయాడు. నేల నూనె తాగి నల్లగా నిగనిగలాడుతుంటుంది. గోడ వారగా ఖాళీ స్పీకరు పెట్టెలు, వాటి మీదే కూర్చోవడం, వాటి మీదే తినడం. కస్టమర్లు వచ్చేది ఆ కొట్టు అందానికి కాదు. నాడి కోసం.

నాడి అంటే ఇదీ. పని పూర్తయ్యాక బావ పాట పెట్టమంటాడు. బండి అద్దాలు గిలగిల కొట్టుకునేంత గట్టిగా పెట్టి, వదిలేయమంటాడు. అందరూ చెవులు మూసుకుని బయట నిలబడతారు. ఎవరి ఓపికా మిగలని సమయానికి బావ బానెట్ దగ్గరికొచ్చి, బ్యాటరీ దగ్గర మొదలుపెట్టి, రెండు వేళ్ళతో తీగ వెంట నడుస్తాడు. బ్యాటరీకి జానెడు దూరంలో ఫ్యూజు, అక్కణ్ణుంచి రేకు రంధ్రంలో రబ్బరు రింగు, తివాచీ కింద తీగ, చివర ఆంప్లిఫయరు. ఆ తర్వాత రంగు గీకి బండి ఒంటికే బిగించిన ఎర్త్ తీగ. అతుకున్న ప్రతి చోటా వేళ్ళు ఆగుతాయి. కళ్ళు మూసుకుంటాడు. తర్వాత తీర్పు చెబుతాడు.

తీర్పులు మూడే. ‘నుదురు’ అంటే ఆరోగ్యంగా ఉన్న మనిషి నుదుటిలా ఉంది, బండి తీసుకెళ్ళొచ్చు. ‘జ్వరం’ అంటే ఆ అతుకు మళ్ళీ విప్పాలి. ‘టీ గ్లాసు’ అంటే పట్టుకోలేనంత వేడి, కరెంటు ఆపి, ఎవరు కట్టారో వాడికి చీవాట్లు.

బామ్మర్దికి మొదట్లో ఈ వ్యవహారం చూస్తే ఒళ్ళు మండేది. అతను చదువు మధ్యలో వదిలేసి, నాలుగు కొలువులు మారి, ఎక్కడా కాలు నిలవక ఇక్కడికొచ్చి పడ్డవాడు. రావడంతోనే వేడి కొలిచే గన్ను కొనుక్కొచ్చాడు. గురిపెట్టి నొక్కితే ఎర్ర చుక్క పడుతుంది, అంకె కనబడుతుంది.

“బావా, కళ్ళు మూసుకుని పూజ చేయక్కర్లేదు. ఇదిగో, ముప్ఫై ఆరు.”

“ముప్ఫై ఆరంటే నుదురా, జ్వరమా?”

“ముప్ఫై ఆరంటే ముప్ఫై ఆరు.”

“అయితే అది నీకే ఉంచుకో పిస్తోలూ.”

అప్పట్నుంచి కొట్లో అతని పేరు పిస్తోలు. అయినా బావ గన్నుకి అడ్డు చెప్పలేదు. తను వేళ్ళతో చూస్తాడు, బామ్మర్ది గన్నుతో చూస్తాడు. ఇద్దరూ సరే అంటేనే బండి కదులుతుంది. రెండు తాళాలున్న తలుపు అనుకుని ఇద్దరూ హాయిగా ఉన్నారు.

ఇంకో సంగతి. ఆ ఏడు బావ ఒకసారి కొట్లో ఈ మూల నుంచి ఆ మూలకి ఒంటి చెప్పుతో నడిచాడు. రెండోది ఇంకో కాలి నుంచి ఎప్పుడో జారిపోయి గుమ్మం దగ్గర పడుంది. మనిషి మాత్రం రెండూ తొడుక్కున్నట్టే నడుస్తున్నాడు. బామ్మర్ది పడీపడీ నవ్వాడు. “బావా, ఒక టైరు ఎక్కడో ఊడిపోయింది, చూసుకో.” బావ కూడా నవ్వాడు. కాలు వంక చూసుకుని, వెనక్కెళ్ళి, చెప్పుని కాలితో వెతుక్కోకుండా వంగి చేత్తో తొడుక్కున్నాడు. దాన్నెవరూ పట్టించుకోలేదు.

*

సైరన్ వ్యానులోంచి పీకిన తీగని బావ కోసి చూపించాడు. పైన రాగి పూత, లోపల అల్యూమినియం, రబ్బరు మాత్రం బొటనవేలంత మందం. బయటికి పహిల్వాను, లోపల ఎముకలగూడు. దాన్ని అవతల పారేసి అసలైన రాగి తీగ వేశారు. తీగకు తగ్గ ఫ్యూజు, ఫ్యూజుకు తగ్గ హోల్డరు. హోల్డరు అంటే ఫ్యూజు కూర్చునే చిన్న పెట్టె, తీగ కొసని లోపలికి తోసి స్క్రూ బిగించాలి. ఆ బిగింపు బావదే. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వడు. స్క్రూ పళ్ళు పట్టిందీ పట్టనిదీ చేతికి తెలియాలి, కంటికి తెలియదు అంటాడు.

బిగించాక అలవాటు ప్రకారం ప్రతి లోహపు ముక్కనీ గరుకు కాగితంతో, తర్వాత గుడ్డతో రుద్దాడు. బావ కట్టిన అతుకులు అద్దాల్లా మెరుస్తాయి. అందులో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు.

పాట పెట్టారు. వీధి వీధంతా ఒంటికాలి మీద లేచింది. ఎదురు కొట్టాయన షట్టరు సగం దించుకుని తిట్టిన తిట్లు పెదాల కదలికని బట్టి అర్థం చేసుకోవాల్సిందే. సైరన్ మొహం వెలిగిపోతోంది.

వేళయ్యాక బామ్మర్ది గన్ను గురిపెట్టాడు. తీగ మీద ముప్ఫై ఎనిమిది. మెరుస్తున్న హోల్డరు మీద ముప్ఫై ఆరు.

“భేష్,” అన్నాడు.

బావ వేళ్ళు బయల్దేరాయి. బ్యాటరీ దగ్గర ఆగాయి. హోల్డరు దగ్గర ఆగాయి. కళ్ళు మూసుకున్నాడు. తెరిచి, సైరన్ వైపు తిరిగి, పాట హోరులో అరిచాడు.

“నుదురు! హాయిగా వెళ్ళిరా!”

అప్పుడొచ్చింది వాసన. వెంట్రుకలు కాలినప్పటి కమురు కంపు. బామ్మర్ది ముందు తీగ అనుకున్నాడు. తీగని చూశాడు, రేకు రంధ్రాన్ని చూశాడు, ఎక్కడా ఏమీ లేదు. తర్వాత బావ చెయ్యి చూశాడు. రెండు వేళ్ళూ ఇంకా హోల్డరు మీదే ఉన్నాయి. బావ సైరన్‌తో ఏదో జోకేస్తున్నాడు. వేళ్ళ కింద నుంచి సన్నగా, అగరొత్తి కొసలోంచి లేచినంత సన్నగా, పొగ లేస్తోంది.

“బావా, చెయ్యి!”

“ఏంటి?”

“చెయ్యి తియ్యి!”

తీశాడు. తోలు కొంచెం లోహానికే అంటుకుపోయింది. బామ్మర్ది నమ్మలేక తన వేలు పెట్టి చూశాడు. పెట్టిన మరుక్షణం ఎగిరి గంతేశాడు. నోట్లోంచి వచ్చిన మాట ఇక్కడ రాయదగింది కాదు.

పాట ఆపింది సైరనే. తనంతట తాను బండిలోకి వంగి ఆపేశాడు. వీధిలో ఒక్కసారిగా అంత నిశ్శబ్దం వచ్చేసరికి ఎదురు కొట్టాయన తిట్లలో చివరి ముక్క అందరికీ స్పష్టంగా వినబడింది. ఎవరూ నవ్వలేదు.

“మేస్త్రీ, నీ వేలు...” అన్నాడు సైరన్.

బావ తన వేళ్ళని ఇంకెవరివో అన్నట్టు తిప్పి చూసుకుంటున్నాడు.

విప్పి చూస్తే స్క్రూ వంకరగా ఎక్కింది. పళ్ళు పట్టలేదు. తీగలోని పోగులు సగం బయటే ఉండిపోయాయి. దారి ఇరుకైతే అక్కడే వేడి పుడుతుంది. ఫ్యూజు మాత్రం చెక్కుచెదరలేదు. ఎందుకు చెదురుతుంది? కరెంటు ఎక్కువ పారితేనే అది పోయేది. వదులు స్క్రూతో దానికి పనిలేదు. బండి అలాగే వెళ్ళుంటే కుర్రాళ్ళు గంతులేస్తుండగా బానెట్ కింద నుంచి మంట లేచేది. ఫ్యూజు చివరిదాకా క్షేమంగా ఉండేది.

*

పాటపెట్టె తీగ విప్పేసిన బండి తీసుకుని సైరన్ వెళ్ళాక, ఇద్దరూ స్పీకరు పెట్టెల మీద కూర్చున్నారు. బామ్మర్ది గుడ్డ తడిపి బావ చేతికి చుట్టాడు. చుడుతుంటే బావ ఒక్కసారి కూడా ‘అబ్బా’ అనలేదు.

“ఎప్పట్నించి బావా?”

“ఏంటి ఎప్పట్నించి?”

“నీళ్ళు నమలకు. ఎప్పట్నించి తెలియట్లేదు నీకు?”

బావ చేతికి చుట్టిన గుడ్డ కొసని లోపలికి దోపుకున్నాడు.

“కాళ్ళు ఎప్పుడో పోయాయి. ఆ చెప్పు సంగతి చూశావుగా. నవ్వావుగా. షుగరుతో ఇదంతా మామూలే అనుకున్నా. చేతులు చలికాలంలో మొదలయ్యాయి. చలికి మొద్దుబారాయనుకున్నా. చలి పోయింది. ఇది పోలేదు.”

“మరి చలికాలం నుంచీ నాడి చూసి పంపిన బళ్ళు?”

“చూశాను. అన్నీ చల్లగానే అనిపించాయి.” బావ నవ్వబోయాడు, సగంలో ఆగిపోయింది. “అప్పుడే అనుమానం రావాల్సిందిరా. ఒక్కదానికీ జ్వరం రాలేదు. ఇంత బాగా ఎప్పుడు కట్టాను నేను?”

“నాకు ఒక్కమాట చెప్పుంటే నీ సొమ్మేం పోయేది?”

“చెబితే నువ్వు గన్ను ఊపుకుంటూ తిరిగేవాడివి. అయినా నీ గన్ను కూడా ముప్ఫై ఆరందిగా.”

రెండు తాళాలున్న తలుపుకి రెండు తాళాలూ ఉత్తుత్తివే.

విషయం అక్కకి చెప్పక తప్పలేదు. ఆమె గుమ్మంలో నిలబడి కట్టు చూసింది, తమ్ముడి మొహం చూసింది, ఏమీ అడగకుండానే అర్థం చేసుకుంది.

“పొయ్యి మీది గిన్నె గుడ్డ లేకుండా దించుతున్నారేంటండీ అని అడిగాను గుర్తుందా? నాది ఇనుప చెయ్యి అన్నారు. నేనో పిచ్చిదాన్ని, మురిసిపోయాను కూడా.”

డాక్టరు దూది ముక్కతో వేళ్ళ చివర్లు నిమిరాడు. తర్వాత సూది మొనతో గుచ్చాడు. తెలిసినప్పుడు చెప్పమన్నాడు. బావ బళ్ళో పాఠం రాని పిల్లాడిలా కూర్చున్నాడు. ఊహించి ఒకసారి ‘ఇప్పుడు’ అన్నాడు కూడా. అప్పటికి డాక్టరు సూది పక్కన పెట్టేసి చేతులు కడుక్కుంటున్నాడు.

“పోయింది తిరిగి రాదు. ఉన్నదాన్ని నిలబెట్టుకోండి,” అన్నాడు డాక్టరు. మంచివాడే. అంతకంటే చెప్పడానికి అతని దగ్గరా ఏమీ లేదు.

*

పంపిన బళ్ళని వెనక్కి పిలవడం మొదలుపెట్టారు. బామ్మర్ది ఫోను పట్టుకుంటే బావ పక్కనే కూర్చుని వినేవాడు. ఇది అనుకున్నంత సులువు కాదు. బాగా మోగుతున్న పాటపెట్టెని మళ్ళీ విప్పుతాం తీసుకురండి అంటే ఎవడొస్తాడు?

“బానే మోగుతోందిగా భాయ్?”

“మోగుతుంది సార్. కాలేముందు కూడా బానే మోగుతుంది.”

“ఏం, మళ్ళీ మళ్ళీ పిలిచి కొత్త సరుకు అంటగట్టాలనా?”

కొందరు వచ్చారు. ఒక దాంట్లో హోల్డరు ప్లాస్టిక్ కాలిన రొట్టె రంగుకి తిరిగి ఉంది. బావ దాన్ని చేతిలోకి తీసుకుని జేబులో వేసుకున్నాడు. చాలామంది రేపు వస్తామన్నారు. ఆ రేపు రానేలేదు. ఒక తెల్ల కారాయన కారు అమ్మేశాడు. కొన్నదెవరో మధ్యవర్తికి తెలుసట, ఆ మధ్యవర్తి ఎవరో ఆయనకి గుర్తులేదట. అప్పట్నుంచి రోడ్డు మీద తెల్ల కారు కనబడితే చాలు, బావ నడక ఆపి, అది మలుపు తిరిగేదాకా చూస్తాడు. ఊళ్ళో తెల్ల కార్లకి లెక్కే లేదు.

బామ్మర్ది గన్నుని తీసుకుని, కొన్న కొట్టుకి కొట్లాటకి వెళ్ళాడు. ఇది అబద్ధాలాడుతోంది, డబ్బులు నా మొహాన కొడతావా లేదా అని నిలదీశాడు. కొట్టువాడు తాపీగా తను తాగుతున్న టీ స్టీలు గ్లాసుని ముందుకు జరిపాడు. కొలవమన్నాడు. పొగలు కక్కే గ్లాసు మీద గన్ను ముప్ఫై చిల్లర చూపించింది. కొట్టువాడు గ్లాసుకి నల్ల టేపు ముక్క అంటించి మళ్ళీ కొలవమన్నాడు. అంకె ఎగిరి కూర్చుంది.

“మెరిసేదాని మీద ఇది గుడ్డిది తమ్ముడూ. టేపు ముక్క వేసి చూడు. ఇది అబద్ధం ఆడదు, దానికి కనబడదు, అంతే.”

బావ అంత శ్రద్ధగా తోమితోమి మెరిపించినందుకే గన్నుకి కనబడలేదన్నమాట. బామ్మర్ది దారంతా తనని తాను తిట్టుకుంటూ వచ్చాడు. కొట్టుకి చేరాక ఈ సంగతి బావకి చెప్పాలా వద్దా అని గుమ్మంలో తటపటాయించాడు. చెప్పాడు. బావ విన్నాడు.

“టేపు ముక్కా?”

“టేపు ముక్కే.”

“అంతేనా?”

“అంతే బావా.”

బావ తల ఊపాడు. కొట్టు నిలబడుతుందని ఇద్దరికీ తెలిసింది. అది ఇక బావ మీద నిలబడదనీ తెలిసింది. నల్ల టేపు చుట్ట ఏ మూల చూసినా దొరుకుతుంది. ఇన్నేళ్ళ వేళ్ళకి బదులు అది.

ఆ తర్వాత అక్క ఇంట్లో కూర్చోమని చెప్పి చూసింది. “కాళ్ళకి దెబ్బ తగిలినా తెలియదు మీకు. మేకు దిగినా ఆ మేకుతోనే నడిచొస్తారు.” బావ వినలేదు. పొద్దున్నే వచ్చి స్పీకరు పెట్టె మీద కూర్చుంటాడు. తెలిసినవాళ్ళు వస్తే “మేస్త్రీ, మన బండి నాడి చూడు” అంటారు. “కట్టు విప్పనీ” అంటాడు. కట్టు ఎప్పుడో విప్పారు. జేబులో పెట్టుకున్న చేతిని ఎవరు చూడొచ్చారు?

ఒకసారి మోచేత్తో ప్రయత్నించాడు. అమ్మలు పిల్లల స్నానానికి నీళ్ళు చూసినట్టు. మోచెయ్యి ఇంకా పనిచేస్తోంది. కానీ బ్యాటరీకీ రేకుకీ మధ్య ఇరుకులో మోచెయ్యి దూరదు. దూర్చబోయి చొక్కా చింపుకున్నాడు. బామ్మర్ది చూడనట్టు అవతలికి తిరిగిపోయాడు.

*

సైరన్ తిరిగొస్తాడని ఎవరూ అనుకోలేదు. వచ్చాడు. పక్క వీధికి వెళ్ళనూ లేదు, బోల్టు మళ్ళీ బిగించనూ లేదు. “ఆ రోజు నీ వేలు చూశాక పాట పెట్టబుద్ధి కాలేదు మేస్త్రీ,” అన్నాడు. కొత్త హోల్డరు, వెనక రెండో బ్యాటరీ, దానికో ఫ్యూజు, అంతా ఈసారి బామ్మర్దే కట్టాడు. స్క్రూ బిగించేటప్పుడు బావ పక్కన నిలబడి, “పట్టిందా? పళ్ళు పట్టిందా?” అని అడుగుతూనే ఉన్నాడు. “పట్టింది బావా, పట్టింది, ప్రాణం తీయకు,” అన్నాడు బామ్మర్ది. గొంతు కాస్త గట్టిగానే వచ్చింది.

పాట పెట్టారు. హెడ్‌లైట్లు ఇప్పుడు కళ్ళార్పడం లేదు. ఎదురు కొట్టాయన షట్టరు దించుకున్నాడు. వేళయ్యాక బామ్మర్ది హోల్డరు మీది నల్ల టేపు మీద గురిపెట్టాడు.

“ఎంత?” అన్నాడు బావ.

“నలభై రెండు.”

“మిషను చూసేసిందిగా, ఇంక బేఫికర్!” అన్నాడు సైరన్. పాపం, మంచికే అన్నాడు. డ్రైవరు సీటెక్కి కూర్చున్నాడు.

బావ జేబులోంచి చెయ్యి తీశాడు. వేళ్ళ చివర్లలో కొత్త తోలు గులాబీ రంగులో మెరుస్తోంది, ఎంతో సున్నితంగా కనబడుతోంది. ఆ చేతిని హోల్డరు దాకా తీసుకెళ్ళి, దాని మీద పెట్టకుండా, గాల్లోనే ఆపేశాడు. తర్వాత బామ్మర్ది చెవి దగ్గరికి వంగాడు. ఆ హోరులోనూ ప్రతి మాటా వినబడింది.

“ఒరేయ్, నలభై రెండంటే నాకు తెలియదురా. ఆ గన్ను పక్కన పెట్టి ఒక్కసారి నీ చెయ్యి వెయ్యి. వేసి, నుదురో, జ్వరమో, నోటితో చెప్పు నాకు.”